సావిత్రి అలా మాట్లాడదమ్మా!

గోదావరి జిల్లాల్లోని ఒక పట్నం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ముప్పై ఆరేళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. భర్త ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తారు. నాలుగో తరగతి చదివే పాప ఉంది. ఇంట్లో నాలుగో మనిషి మావయ్యగారు, డెబ్బై తొమ్మిదేళ్ళు. 'లవకుశ' వచ్చిన ఏడు, అంటే 1963లో, ఊళ్ళో సినిమా హాల్లో అసిస్టెంటుగా చేరి, తర్వాత ఆపరేటరై, రీళ్ళు పోయి డిజిటల్ వచ్చేదాకా ఆ కేబిన్‌లోనే పనిచేశారట. అత్తగారు పోయి పద్నాలుగు నెలలైంది.

చిక్కు అప్పట్నుంచే మొదలైందని రాశారు. మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన టీవీలో యూట్యూబ్ పెట్టి పాత సినిమాలు చూస్తారు. నాలుగింటికి పాప బడి నుంచి వచ్చి పక్కన చేరుతుంది. ఈవిడ ఆఫీసు నుంచి వచ్చే ఆరున్నర దాకా ఇద్దరిదీ అదే లోకం. తెర మీద సినిమా, పక్కన ఆయన వ్యాఖ్యానం. "చూశావా, మొగుడు ఎన్ని మాటలన్నా తలెత్తదు. అదీ ఆడదంటే." సగంలో తనే సినిమా ఆపేసి వరండాలోకి వెళ్ళి పది నిమిషాలు నిలబడి వస్తారు. మధ్యమధ్య టీవీ కుడి పైమూలకి చూస్తూ చెయ్యెత్తుతారు. ఇది వయసు వల్ల వచ్చిందా, డాక్టరుకి చూపించాలా అని కూడా అడిగారు.

పోయిన నెల కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయినందుకు ఈవిడ భర్త మీద గొంతు పెంచారు. అన్నం తింటున్న పాప తలెత్తి, "నాన్నతో అలా మాట్లాడకూడదు. సావిత్రి అలా మాట్లాడదమ్మా!" అంది. మావయ్యగారు పకపకా నవ్వి, "మీ అమ్మ సావిత్రి కాదే, గుండమ్మ" అన్నారు. ఆ పేరు ఖాయమైపోయింది. ఆడపడుచుతో ఫోన్లో కూడా "గుండమ్మ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు" అంటున్నారట. ఈవిడ వైఫై పాస్‌వర్డ్ మార్చేశారు. రెండు రోజులు పెద్దాయన ఆడని టీవీ ముందే కూర్చున్నారు. రాత్రిళ్ళు మజ్జిగతో సరిపెట్టుకున్నారు. మూడోరోజు భర్తకి సంగతి తెలిసి పెద్ద గొడవ. "ఆయనకున్న ఒక్క సరదా నీకు అడ్డొచ్చిందా?" అన్నారట.

"సినిమాలు పిల్లల్ని ఇంతగా మార్చేస్తాయా? టీవీ ఆపించాలా? వేరే ఇల్లు తీసుకుందామనిపిస్తోంది, తప్పా?" ఇవీ ప్రశ్నలు. చివర, వేరే ఇంకుతో ఒక వాక్యం ఉంది. "అత్తగారు ఉన్నప్పుడు ఆయన ఇంట్లో సినిమా చూసిన గుర్తే లేదు. ఆవిడ చూస్తుంటే ఈయన పేపరు పట్టుకునేవారు."

అమ్మా, ముందు ఆ చెయ్యి సంగతి చెప్తాను. దానికి డాక్టరు అక్కర్లేదు.

రీళ్ళ కాలంలో పెద్ద సినిమా అంటే పదిహేను వేల అడుగుల పైన ఫిల్మ్. అది ఒకే చుట్టగా రాదు, రీళ్ళుగా పెట్టెల్లో వస్తుంది. కేబిన్‌లో రెండు మెషీన్లు ఉండేవి. ఒకదాని మీద రీలు అయిపోయేసరికి రెండోదాని మీద తర్వాతి రీలు ఎక్కించి ఉంచాలి. ఎప్పుడు మార్చాలో తెలియడానికి రీలు చివర, తెర కుడి పైమూలలో ఒక చుక్క పడుతుంది. అది కనపడగానే రెండో మెషీను మోటారు వేయాలి. మరో ఏడు సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు మార్చెయ్యాలి. ఒక్కో చుక్క తెర మీద ఉండేది నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు. హాలు నిండా ఉన్న జనంలో దాన్ని పట్టించుకునేవాళ్ళు ఉండరు. దానికోసం కాచుకుని కూర్చునేది పైన, గోడ కన్నంలోంచి చూసే మనిషి ఒక్కడే. పాత ప్రింట్ల నుంచి తీసిన కాపీలు చాలావాటిలో ఆ చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి. అవి పడినప్పుడల్లా మీ మావయ్యగారి చెయ్యి రెండో మెషీను కోసం లేస్తోంది. వరండాలో పది నిమిషాలేమిటో మీకిప్పుడు చెప్పక్కర్లేదనుకుంటాను. అది ఇంటర్వెల్.

ఆపరేటరంటే రోజూ సినిమాలు చూసేవాడని మనకో భ్రమ. ఆయన చూసేది కార్బన్లని. పాత మెషీన్లలో వెలుగు బల్బుది కాదు, రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే మంటది. కడ్డీలు అరిగేకొద్దీ వాటి మధ్య దూరం సరిచూసుకుంటూ ఉండాలి. కాస్త ఏమరుపాటుగా ఉంటే బొమ్మ మసకబారుతుంది. కింద ఈలలు, తిట్లు. ఫిల్మ్ తెగితే చెప్పనే అక్కర్లేదు, ఆపరేటర్ వంశం మొత్తాన్ని తలుచుకునేవాళ్ళు నేల టికెట్టు జనం. ఆ వేడిలో మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో. ఇంటికొచ్చేసరికి రాత్రి ఒంటిగంట. నలభై ఏళ్ళు పైగా ఆయనకి ఇంట్లో సాయంత్రం అనేది లేదు. మీ అత్తగారు బహుశా పాసు మీద ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో వచ్చి ఆడవాళ్ళ వైపు కూర్చుని ఉంటారు. ఈయన పైన, ఆవిడ కింద. వందల సినిమాలకి ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండి కూడా పక్కపక్కన కూర్చుని ఒక్కటీ చూసి ఉండకపోవచ్చు. ఇది నా ఊహే. కానీ ఆవిడ ఉన్నన్నాళ్ళూ పేపరు పట్టుకున్న మనిషి ఆవిడ పోయాక ఆ సినిమాలే వరసపెట్టి చూస్తున్నారంటే, చూస్తున్నది సావిత్రిని మాత్రమే కాదేమో.

ఇదంతా ఆయన్ని వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. దిగులుగా ఉన్నంత మాత్రాన కోడలికి పేర్లు పెట్టే హక్కు రాదు. దాని సంగతికి తర్వాత వస్తాను.

ఇక పాప. మీ భయం కొత్తది కాదు, చాలా పాతది. 1927లో అప్పటి ప్రభుత్వం సినిమాల మీద విచారణకి ఒక కమిటీ వేసింది. మద్రాసు లాయరు దివాన్ బహదూర్ టి. రంగాచారి దానికి అధ్యక్షుడు. సినిమాలు చూసి జనం చెడిపోతున్నారా అన్నది వాళ్ళు తేల్చాల్సిన వాటిలో ఒకటి. దేశమంతా తిరిగి వందలమందిని ప్రశ్నించారు. అప్పటికి తెలుగులో టాకీయే లేదు! టాకీ వచ్చాక మనవాళ్ళు కొందరు ఆ భయాన్ని తిరగేసి వాడుకున్నారు. జనాన్ని చెడగొట్టగలిగేది బాగు కూడా చెయ్యగలదు కదా అని. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు, మరుసటేడు 'రైతుబిడ్డ'. ఆ 1939లోనే కట్నాల మీద 'వరవిక్రయం' వచ్చింది. 'రైతుబిడ్డ' అంటే జమీందార్లకి మంటెక్కింది. 'వరవిక్రయం' చూసి జనం కళ్ళు తుడుచుకున్నారు. ఇళ్ళకెళ్ళి కట్నాలు తీసుకున్నారు. ఎనభై ఏళ్ళు దాటింది, ఇంకా తీసుకుంటూనే ఉన్నారు.

మరి ప్రభావం లేదా అంటే ఉంది. సూర్యకాంతం గయ్యాళి అత్త వేషాలు చూశాక తెలుగువాళ్ళు ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడమే మానేశారంటారు. ఎన్టీఆర్ రాముడి వేషం, కృష్ణుడి వేషం క్యాలెండర్లు ఎన్ని దేవుడి గదుల్లో ఉండేవో మీ మావయ్యగారినే అడగండి. తిరుపతి వెళ్ళిన బస్సులు మద్రాసులో ఆయన ఇంటి ముందు ఆగేవి. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. తర్వాతది మర్చిపోతారు. ఆ క్యాలెండర్లు గోడల మీద ఉండగానే 1989లో జనం ఆయన పార్టీని ఓడించారు. రెండుచోట్ల పోటీ చేస్తే హిందూపురంలో గెలిచారు, కల్వకుర్తిలో ఓడిపోయారు. హారతి ఇచ్చేటప్పుడు ఇచ్చారు, ఓటు దగ్గరికి వచ్చేసరికి లెక్క వేరే వేసుకున్నారు.

మా అమ్మ 'లవకుశ' టూరింగ్ టాకీసులో చూసింది. డేరా, కింద ఇసక. ముందువాళ్ళ తలలు అడ్డురాకుండా ఇసక కుప్పచేసుకుని దానిమీద కూర్చునేవారు. సీతని అడవిలో వదిలేసిన చోట ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చిందట. ఇంటికొచ్చి, తన గాజులు తాకట్టు పెట్టినందుకు మా నాన్నని తెల్లారేదాకా దులిపేసింది. చీర కొంగుకి ఇంకా ఇసక ఉంది. సీత కోసం ఏడవడానికీ మొగుణ్ణి నిలదీయడానికీ మధ్య ఆవిడకి ఏ తేడా కనపడలేదు. సీత పడ్డది చూసే ఆ రాత్రి నోరు పెగిలిందేమో కూడా.

అంటే నేను అనేది ఇదీ. సినిమా ఏం చెప్తుందన్నది సగమే. పక్కన కూర్చున్నవాళ్ళు ఏమంటారన్నది మిగతా సగం. మా అమ్మ పక్కన మా మేనత్తలున్నారు, వాళ్ళు రాముణ్ణే తిట్టుకుంటూ చూశారట. మీ పాప పక్కన తాతగారొక్కరే ఉన్నారు. దానికి అబ్బింది సావిత్రి మాట కాదు, తాతగారి మాట.

సావిత్రి అలా మాట్లాడదా? ఏ సావిత్రి? 'మిస్సమ్మ'లో, 1955లో, ఆవిడ చదువుకున్న క్రైస్తవ అమ్మాయి మేరీ. ఇంటి అప్పు తీర్చడానికి ఉద్యోగం కావాలి. దానికోసం ముక్కూ మొహం తెలియని ఎన్టీఆర్‌కి భార్యనని అబద్ధమాడి ఊరుకాని ఊళ్ళో పంతులమ్మగా చేరుతుంది. సినిమా పొడుగునా ఆయన్ని విసుక్కుంటూనే ఉంటుంది. ఆ ఏడే 'కన్యాశుల్కం'లో మధురవాణి. అది పాప పెద్దయ్యాక చూడొచ్చు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో వచ్చే ఘట్టం ఉంది చూశారూ, ఆ నడక, ఆ మగ ధీమా, అదంతా సావిత్రే. తెర బయట సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు'కి దర్శకత్వం చేశారు, ముఖ్యమైన పనులు చాలావరకు ఆడవాళ్ళకే అప్పగించి. 'మిస్సమ్మ' మొదట భానుమతి చెయ్యాల్సింది. నిర్మాత చక్రపాణితో మాట పట్టింపొచ్చి తప్పుకున్నారు. ఆ భానుమతి 1953లోనే 'చండీరాణి'కి దర్శకురాలు. మీ మావయ్యగారు తలెత్తని సావిత్రినే ఏరుకుని చూస్తున్నారు. తలెత్తిన సావిత్రి రీళ్ళు కూడా ఆయన చేతుల మీదుగానే ఆడి ఉంటాయి.

గుండమ్మ సంగతీ అంతే. ఆవిడ చెడ్డదే, సవతి కూతురి చేత చాకిరీ చేయిస్తుంది. కానీ 1962లో తెలుగులో ఇద్దరు పెద్ద హీరోలూ కలిసి నటించిన సినిమాకి పేరు వాళ్ళది పెట్టలేదు, గుండమ్మది పెట్టారు. ఆ వేషం వేసిన సూర్యకాంతం గారు షూటింగులకి పులిహోర, పిండివంటలు వండి తెచ్చి అందరికీ పెట్టేవారని ఆవిడతో పనిచేసినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చెప్పుకున్నారు. ఇది మీ ఓదార్పు కోసం కాదు, పాపకి చెప్పడానికి పనికొస్తుంది. తెర మీద మనిషీ అసలు మనిషీ ఒకటి కాదని తొమ్మిదేళ్ళ పిల్లకి తెలియాల్సిన వయసే ఇది.

ఇప్పుడు మీరేం చెయ్యొచ్చో చూద్దాం.

టీవీ ఆపించడం. రెండు రోజులు చేసి చూశారు కాబట్టి ఏమవుతుందో మీకే తెలుసు. పెద్దాయన ముభావంగా కూర్చుంటారు. మీ ఆయన ఆయన పక్షం చేరతారు. పాప చేతికి ఫోన్ వస్తుంది. రీల్స్‌లో ఆడవాళ్ళ గురించి వచ్చేవి మీ మావయ్యగారి వ్యాఖ్యానం కంటే గొప్పగా ఏం ఉండవు. పైగా అక్కడ పక్కన ఎవరూ ఉండరు. టైము కట్టడి వేరే మాట. హోంవర్కు అయ్యాకే సినిమా అనొచ్చు. అది పాపకి పెట్టే నియమం, ఆయనకి వేసే శిక్ష కాదు. ఆ పాస్‌వర్డ్ గురించి మాత్రం ఒకసారి "కోపంలో చేశాను మావయ్యగారూ" అనేస్తే మంచిదని నాకనిపిస్తోంది. తప్పు పూర్తిగా మీదని కాదు. తర్వాత మీరు అడగబోయే మాటకి బలం వస్తుందని.

ఆ మాట గుండమ్మ పేరు గురించి. దీన్ని సినిమా గొడవతో కలపకండి. కలిపితే "సరదాకన్నాను, దానికింత రాద్ధాంతమా" అని తప్పించుకుంటారు. ఇది నిజానికి మీ ఆయన చెప్పాల్సిన మాట. "నాన్నా, పాప ముందు దాన్ని ఆ పేరుతో పిలవొద్దు." ఇంతే. వెనక కారణాలు, ఉపన్యాసం ఏమీ వద్దు. ఆయన చెప్పకపోతే మీరే చెప్పండి, పాప ఇంట్లో లేనప్పుడు. నాలుగు రోజులు ముభావంగా ఉంటారు, ఉండనివ్వండి. ఆ నాలుగు రోజులకి భయపడి ఊరుకుంటే పేరు స్థిరపడిపోతుంది, రేపు పాప కూడా పిలుస్తుంది. నేనైతే ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గను.

మూడోది, ఆదివారం మీరూ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోవడం. వారమంతా ఆఫీసు చేసి, ఆదివారం మామగారితో పాత సినిమానా అంటారు. న్యాయమే, ఇది మీ మీద పడే అదనపు పనే. ఓపిక లేకపోతే మానేయండి, మీ ఆయన్ని కూర్చోబెట్టండి. కూర్చుంటే మాత్రం వాదించకండి. 'మిస్సమ్మ' పెట్టమని అడగండి. "తాతయ్యా, ఈ సావిత్రి తలెత్తుతోందేంటి?" అన్న ప్రశ్న మీరు అడగకపోయినా పాపే అడుగుతుంది. ఆయన ఏం చెప్తారో నాకూ తెలుసుకోవాలనుంది. ఏమో, నవ్వి ఊరుకుంటారేమో. మరీ మొండి మనిషైతే "అందుకే ఆ సినిమా నాకు నచ్చదు" అంటారు. అదీ మంచిదే, తాతగారికి నచ్చని సినిమా తనకి నచ్చొచ్చని పాపకి తెలుస్తుంది.

నాలుగోది నాకు బాగా నచ్చిందీ, కొంచెం ప్రమాదమైనదీ. ఆయన్ని ఆ చుక్క గురించి అడగండి. పాప ముందే. కార్బన్ల గురించి, ఫిల్మ్ తెగితే ఎలా అతికించేవారో, 'లవకుశ'కి పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన జనం గురించి. ఆడదంటే ఎలా ఉండాలన్న విషయంలో ఆయనకి తెలిసింది తక్కువ. సినిమా ఆడించడం గురించి ఆయనకి తెలిసినంత మీ ఊళ్ళో ఇంకెవరికీ తెలియకపోవచ్చు. ఆ రెండో విషయం ఎవరూ అడగటం లేదు కాబట్టే మొదటిదాని మీద పాఠాలు చెప్తున్నారేమో. ప్రమాదం ఏమిటంటే, మొదలెట్టాక ఆపరు. మీ అన్నం చల్లారిపోతుంది.

వేరే ఇల్లు సంగతి. టీవీ కోసమైతే వద్దు. నాలుగు నుంచి ఆరున్నర దాకా పాపని చూస్తున్నది ఆయనే, అది మీ లెక్కలోకి వచ్చినట్టు ఉత్తరంలో కనపడలేదు. భార్య పోయి ఏడాది దాటిన మనిషి ఒంటరిగా ఎలా ఉంటారన్నదీ మీ ఆయన మనసులో ఉంటుంది. అలాగని ఎన్నటికీ వద్దని నేననను. పేరు మానమని అడిగాక కూడా మానకపోతే, మీ ఆయన ఒక్క మాటైనా అనకపోతే, అప్పుడది పాత సినిమాల సమస్య కాదు, మీ కాపురంలో సమస్య. దాని గురించి అప్పుడు విడిగా రాయండి.

ఒక చిన్న సంగతి మిగిలింది. పాపకి చుక్క చూపించాలంటే కొత్తగా శుభ్రం చేసి పెట్టిన కాపీ పెట్టకండి. బొమ్మ బాగుంటుంది కానీ వాటిలో చుక్కలు తరచూ తీసేస్తారు. గీతలు పడి, శబ్దం గరగరలాడే పాత కాపీ వెతకండి. మొదలైన పావుగంట దాటాక కుడి పైమూల మీదే కన్నుండాలి. మీకు దొరక్కపోతే ఆయన చెయ్యి వైపు చూడండి.